గ్లాసు కాఫీలో అలంకారాలు, బస్సు సీటు మీద వ్యాకరణం

(తిరుపతిలో బి.ఏ. ఇంగ్లీషు మొదటి సంవత్సరం విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్ చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నోళ్ళకి వినపడతా ఉందా? లేదా? అయితే ఆ మూల ఫ్యాను ఆపండి నాయనా. నాకంటే అదే గట్టిగా మాట్లాడతా ఉంది. చూసినారా, ఫ్యాను మాట్లాడతా ఉందన్నాను. మీ జిరాక్సు నోట్సులో దాని పేరు పర్సానిఫికేషన్. పాఠం మొదలుపెట్టకముందే ఒకటి అయిపోయింది.

ఇందాక ముందు బెంచీ అమ్మాయి దగ్గర ఆ నోట్సు తీసుకుని తిరగేసినాను. ఎడమ పక్క పేరు, కుడి పక్క డెఫినిషన్. సిమిలీ, మెటఫర్, హైపర్‌బొలీ, ఐరనీ, మెటానమీ. వెనక పేజీలో టెన్సులు, ఆర్టికల్స్, ప్రిపొజిషన్లు. పరీక్షకు అది చాలు, కాదనను. నేనూ అట్లాంటి నోట్సు బట్టీపట్టే పాసయినోణ్ణే. కానీ దాంతో నాకు జరిగిన మర్యాద ఒకటి చెప్తాను.

1979లో డిగ్రీలో చేరినాను. మాది పాకాల దగ్గర పల్లె. మొదటి నెలలోనే మా సారు లేపి సిమిలీ అంటే ఏమిటన్నాడు. గడగడా అప్పజెప్పినాను. సరే, ఒక ఉదాహరణ నీ సొంతంగా చెప్పు అన్నాడు. 'యాజ్ బ్రేవ్ యాజ్ ఎ లయన్' అన్నాను. ఆయన చాలా నిదానంగా, 'సింహాన్ని ఎప్పుడన్నా చూసినావా?' అన్నాడు. లేదు సార్ అన్నాను. అప్పటికి మన తిరుపతిలో జూ కూడా లేదు, అది 1987లో వచ్చింది. 'చూడని జంతువుతో పోలుస్తావెందుకురా, చూసినవాటితో పోల్చు' అని కూర్చోబెట్టినాడు. క్లాసంతా నవ్వింది. నాకు కోపం వచ్చింది, ఆ కోపం శనివారం దాకా ఉంది.

శనివారం ఊరికి పోయినాను. ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. శెనక్కాయ చేను ఆకు ముడుచుకుని ఉంది. మా అమ్మ గెనిమ మీద నిలబడి ఒక చెట్టు పీకి చూసింది. రెండే కాయలు, అవీ లొట్టలు. మట్టి దులిపి, 'ఈ ఏడు చేను మన పక్కకి మొగం తిప్పలేదబ్బా' అనింది. అంతే. మళ్ళీ పనిలో పడిపోయింది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయినాను. మా అమ్మకు వేలిముద్రే తప్ప సంతకం తెలీదు. నోట్సులో నేను రెండు లైన్లు బట్టీపట్టిన సంగతిని ఆమె ఒక్క లొట్టకాయ చేతిలో పెట్టుకుని అనేసింది.

ఆ పొద్దు నుంచి నాకొక అలవాటు వచ్చింది. ఏ టర్మ్ వచ్చినా ముందు, ఇది మన ఇంట్లో ఎవరి నోట్లో ఉంది అని వెతుకుతాను. దొరికితే సగం పని అయిపోయినట్టు. దొరకకపోతే అక్కడ జాగ్రత్తగా ఉండాలి, ఇంగ్లీషు అక్కడ మనకి కొత్త దారి చూపిస్తా ఉందని అర్థం. ఈ రెండు రకాలూ చూపిస్తాను.

ఇక్కడికి వచ్చే ముందు ఒక చోట కాఫీ తాగినాను. ఎక్కడో చెప్పను, ఆ కొట్టాయన నాకు మళ్ళీ కావాల. (నవ్వులు) ఆ గ్లాసునే పట్టుకుందాం.

'ఈ కాఫీ స్వర్ణముఖి నీళ్ళ మాదిరి ఉండాది.' ఇది సిమిలీ. మన చిత్తూరోళ్ళకి 'లైక్' అంటే 'మాదిరి'. ఉపమాలంకారానికి మన లాక్షణికులు నాలుగు భాగాలు చెప్పినారు. కాఫీ ఉపమేయం, ఏటినీళ్ళు ఉపమానం, పలచదనం సమానధర్మం, 'మాదిరి' ఉపమావాచకం. ఇంగ్లీషులో ఈ పనిని ఐ.ఏ. రిచర్డ్స్ అనే విమర్శకుడు 1936లో మెటఫర్‌కి చేసినాడు. దేని గురించి చెప్తున్నామో అది టెనర్, దేనితో చెప్తున్నామో అది వెహికిల్ అన్నాడు. అంటే మన ఉపమేయం, ఉపమానం. పరీక్షలో టెనర్, వెహికిల్ అడిగితే తలగీక్కోవద్దండి, పదో తరగతి తెలుగు వాచకం గుర్తుచేసుకోండి.

'ఈ కాఫీ స్వర్ణముఖే.' మాదిరి పోయింది, మెటఫర్ అయింది, మన రూపకం. ఇంతవరకూ మీ నోట్సులో ఉంది. 'ఇది కాఫీ కాదబ్బా, ఏటినీళ్ళు' అంటే? ఉన్నదాన్ని కాదని, లేనిదాన్ని ఔనన్నాం. మనవాళ్ళు దీనికి అపహ్నవం అని వేరే పేరు పెట్టినారు. ఇంగ్లీషు నోట్సులో ఇదీ మెటఫర్ బుట్టలోనే పడుతుంది. 'ఇది కాఫీనా, నీళ్ళా?' అంటే సందేహం, అదొక అలంకారం. నీళ్ళే అనుకుని నేను దాంతో చెయ్యి కడుక్కుని ఉంటే భ్రాంతిమంతం. 'పాలు ఈ గ్లాసు మీద అలిగి పుట్టింటికి పోయినట్టుండాయి' అంటే ఉత్ప్రేక్ష. లేని కారణాన్ని ఊహించి అంటగట్టినాం. చూడండి, ఇంగ్లీషు ఒక్క గంపలో వేసినవాటిని మనోళ్ళు నాలుగైదు చేటల్లో చెరిగిపెట్టినారు. ఇది గొప్పలు చెప్పుకోవడానికి అంటా లేను. ఒక ఇంగ్లీషు కవిత చేతికి వచ్చినప్పుడు 'మెటఫర్ ఉంది' అని రాసి ఊరుకోకుండా, ఎట్లాంటి మెటఫర్, కాదంటా ఉందా, అనుమానిస్తా ఉందా, ఊహిస్తా ఉందా అని ఒక అడుగు ముందుకి పోవచ్చు. ఆ ఒక్క అడుగుకే మార్కులు పడతాయి.

గ్లాసు ఇంకా కింద పెట్టలేదు. 'ఇందులోంచి చూస్తే గ్లాసు అడుగున అచ్చేసిన పేరు చదవచ్చు', హైపర్‌బొలీ, అతిశయోక్తి. 'మరీ చిక్కగా ఏమీ లేదులే' అని పెదవి బిగిస్తే లైటోటీస్. కాదనే మాటతో కావలసిన మాట చెప్పడం. 'డబ్బాలో కాఫీపొడి ఏమన్నా మిగిల్చినావా నాయనా, అంతా దీంట్లోనే వేసేసినట్టుండావే' అంటే వెర్బల్ ఐరనీ. పైకి పొగిడినట్టుండి లోపల తిట్టే మన వ్యాజస్తుతి దీని చుట్టమే. కడాన, 'పొద్దున్నుంచి మూడు గ్లాసులు తాగినా' అంటాం కదా. గ్లాసు తాగుతామా ఎవరన్నా? గ్లాసులో ఉన్నది తాగుతాం. అదే మెటానమీ, ఒకదానికి ఆనుకుని ఉన్న ఇంకోదాని పేరు వాడటం. 'మా ఇంట్లో ఆరు నోళ్ళు తినాల' అంటే సినెక్డకీ, భాగంతో మొత్తాన్ని చెప్పడం. ఇంక ఆ కొట్టాయన మీద నాకు కోపం లేదు, ఇన్ని చెప్పించినాడు.

ఐరనీల్లో డ్రమాటిక్ ఐరనీ అని ఉంది చూడండి, దాని డెఫినిషన్ ఎవరికీ ఒకపట్టాన అర్థం కాదు. మీలో భారతం చూసినోళ్ళు ఎంతమంది? మన జిల్లా పల్లెల్లో ద్రౌపది గుడుల దగ్గర జరిగే భారతం. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. జూదం ఘట్టం వస్తుంది. పాచికలు శకుని చెప్పినట్టే పడతాయని మిట్ట మీద చాప పరుచుకుని కూర్చున్న ప్రతి అవ్వకీ తెలుసు. ధర్మరాజుకే తెలీదు. ఆయన నమ్మకంగా చెయ్యి చాపతా ఉంటే మా పక్కింటి అవ్వ గట్టిగా 'వద్దు నాయనా!' అని అరిచింది. ఆ అరుపే డ్రమాటిక్ ఐరనీ. పాత్రకు తెలీంది ప్రేక్షకుడికి తెలియడం, ఆ తెలిసిన బరువు ప్రేక్షకుడు మొయ్యలేకపోవడం. ఏ ట్రాజెడీ చదువుతున్నా మీకు 'వద్దు నాయనా' అని ఎక్కడ అరవాలనిపించిందో అక్కడ గీత గీసుకోండి.

మెటఫర్ అనే మాట గురించి ఒక ముచ్చట. గ్రీకు మాట అది, అక్కడ నుంచి ఇక్కడికి మోసుకుపోవడం అని అర్థం. ఈనాటికీ గ్రీసులో సామాన్లు చేరవేసే లారీల మీద ఆ మాట రాసి ఉంటుంది. రిచర్డ్స్ వెహికిల్ అన్నది ఊరికే కాదు మరి.

ఇప్పుడు రెండో రకం. పేరు కలుస్తుంది, పని కలవదు. ఇక్కడే మనవాళ్ళు బోల్తా పడతారు.

ప్రోసడీలో, అంటే ఛందస్సులో, 'ఫుట్' అనే మాట వస్తుంది. మన పిల్లలు టక్కున 'పాదం' అని రాసేస్తారు. తెలుగులో పద్యపాదం అంటే లైను. ఇంగ్లీషు ఫుట్ అంటే గణం. ఇది సరిచేసుకుంటే మిగతాదంతా తేలికే, ఎందుకంటే గణాలు మీరు చదువుకున్నవే. అయాంబ్ అంటే తేలిక, బరువు. లఘువు, గురువు. మన వ-గణం. ట్రోకీ దానికి తిరగబడింది, హ-గణం. ఆనపెస్ట్ రెండు లఘువులు ఒక గురువు, స-గణం. డాక్టిల్ ఒక గురువు రెండు లఘువులు, భ-గణం. 'యమాతారాజభానసలగం' ఊరికే పోలేదు. అలిపిరి మెట్లు ఎక్కినోళ్ళకి ఇంకా బాగా తెలుస్తుంది. మోకాళ్ళు పట్టేసినాక ఒక అడుగు తేలిగ్గా, ఒక అడుగు బరువుగా పడుతుంది. ఆ నడక ఐదుసార్లు పడితే ఒక అయాంబిక్ పెంటామీటర్ లైను. (నవ్వులు)

అయితే ఒక మెలిక ఉంది. మన గురులఘువులు ఎంతసేపు పలుకుతామన్న దాన్ని బట్టి. ఇంగ్లీషులో ఎంత ఊనిక పెడతామన్న దాన్ని బట్టి. మనం ప్రతి అక్షరానికీ సమానంగా మర్యాద ఇస్తాం, వాళ్ళు ఇవ్వరు. 'రికార్డ్' అనే మాట తీసుకోండి. నామవాచకమైతే ఊనిక మొదట, 'రె' మీద. క్రియ అయితే ఊనిక చివర, 'కార్డ్' మీద. స్పెల్లింగు ఒకటే, ఒకటి ట్రోకీ, ఒకటి అయాంబ్. 'ప్రెజెంట్', 'ఆబ్జెక్ట్' కూడా అంతే. కాబట్టి ఇంగ్లీషు పద్యానికి కాగితం మీద గురులఘువులు గుర్తించకూడదు, నోటితో పైకి చదివి గుర్తించాల. హాస్టల్లో పక్కోడు తిట్టినా సరే.

రైమ్ అంటే ప్రాస అని రాయొద్దండి. మన ప్రాస రెండో అక్షరానికి సంబంధించింది, లైనుకు లైను ఆ హల్లు కలవాలి. రైమ్ అంటే అంత్యప్రాస. యతిని కూడా కొన్ని గైడుల్లో సీజూరా, అంటే లైను మధ్యలో ఆగడం, అని రాసి ఉంటారు. సంస్కృతంలో యతి అంటే విరామమే, సరిపోతుంది. తెలుగులో యతి అంటే విరామం కాదు, మొదటి అక్షరంతో యతిస్థానంలో ఉండే అక్షరానికి మైత్రి. మరి ఇంగ్లీషులో దీనికి సాటి లేదా అంటే, ఉంది, కానీ మీ సిలబస్‌లో మొదటి పేజీకి ముందు ఉంది. వెయ్యేళ్ళ కిందటి ఓల్డ్ ఇంగ్లీషు పద్యంలో రైమ్ ఉండదు. లైను రెండు ముక్కలుగా ఉంటుంది, ఆ రెండు ముక్కల్నీ కుట్టేది మొదటి శబ్దాల మైత్రి, అల్లిటరేషన్. పైగా అక్కడ అచ్చుకి అచ్చు ఏదైనా సరిపోతుంది. మనం అచ్చుల్ని మూడు జట్లుగా విడదీసినాం, వాళ్ళు అన్నిటినీ ఒకే జట్టు చేసినారు, అంతే తేడా. నాకు ఇది తెలిసిన రోజు రాత్రి నిద్రపట్టలేదు. ఎక్కడి దేశం, ఎక్కడి యతిమైత్రి!

అల్లిటరేషన్‌లో ఇంకొక జాగ్రత్త. అది శబ్దానికి సంబంధించింది, అక్షరానికి కాదు. 'నైఫ్', 'కింగ్' రెండూ ఇంగ్లీషులో ఒకే అక్షరంతో మొదలవుతాయి, అల్లిటరేషన్ కాదు. అనుమానం వస్తే ఆ మాటల్ని తెలుగు లిపిలో రాసి చూసుకోండి. మన లిపి వినపడిందే రాస్తుంది, అబద్ధం చెప్పదు.

బ్లాంక్ వర్స్, ఫ్రీ వర్స్ రెండూ ఒకటి కాదు. బ్లాంక్ వర్స్‌లో గణాలు ఉంటాయి, రైమ్ ఉండదు. ఫ్రీ వర్స్‌లో రెండూ ఉండవు, మన వచన కవిత. సానెట్ పద్నాలుగు లైన్లు. రిఫ్రెయిన్ అంటే పల్లవి, ఈ ఊళ్ళో దాని గురించి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి కొండ మీద దాచిపెట్టిన ఊరు ఇది. ఆయన సంకీర్తనకు లక్షణగ్రంథం కూడా రాసినాడు, దాన్ని మనవడు చినతిరుమలాచార్యుడు తెలుగు చేసినాడు. అంటే టర్మ్స్‌కి డెఫినిషన్లు రాసే పని ఈ గడ్డ మీద ఐదొందల ఏళ్ళ కిందటే జరిగింది.

ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకోండి. మాటలన్నీ మనమే వాళ్ళ దగ్గర అప్పు తెచ్చుకోలేదు. ఇంగ్లీషు భాషాశాస్త్రం పుస్తకాల్లో 'సంధి', 'బహువ్రీహి' అనే మాటలు ఉన్నవి ఉన్నట్టుగా కనపడతాయి. మూడు కన్నులు గలవాడు ముక్కంటి, అట్లాగే 'రెడ్‌హెడ్' అంటే ఎర్రటి తల కాదు, ఎర్ర జుట్టు ఉన్న మనిషి. దానికి సరైన పేరు వాళ్ళ దగ్గర లేక మన పేరే తీసుకున్నారు. ఇంగ్లీషు నోట్సులో బహువ్రీహి కనపడితే పరాయి ఊళ్ళో మన ఊరి మనిషి కనపడినట్టుంటుంది నాకు.

సరే, వ్యాకరణం.

ఆర్టికల్స్ మనకు లేవు, అందుకే మనకి రావు అని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. మీ అవ్వ కథ ఎట్లా మొదలుపెడుతుంది? 'అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు.' మొదటిసారి 'ఒక', రెండోసారి 'ఆ'. వినేవాడికి కొత్త మనిషి అయితే 'ఒక', తెలిసిన మనిషి అయితే 'ఆ'. 'ఎ కింగ్', 'ద కింగ్'. అంతే సంగతి. ఇది నేను కల్పించిన పోలిక కాదు. ఇంగ్లీషులో 'ఎ', 'యాన్' పుట్టింది పాత ఇంగ్లీషులోని 'ఒకటి' అనే సంఖ్య నుంచే. 'ద' పుట్టింది 'ఆ' అని చూపించే మాట నుంచే. మీ అవ్వ చెప్పినట్టే వాళ్ళ అవ్వలూ చెప్పినారు, వాళ్ళకి అది అరిగి అరిగి చిన్నదయి తప్పనిసరి అయింది, మనకి అవసరమైనప్పుడే వాడుకునేదిగా ఉండిపోయింది.

మరి ముందు చెప్పకపోయినా 'ద' వస్తుంది కదా, 'ద సన్', 'ద మూన్' అని? దానికీ మన దగ్గర జవాబుంది. తిరుపతిలో ఎవరన్నా 'కొండకు పోతా ఉండా' అంటే, ఏ కొండకి అని అడుగుతారా? చుట్టూ కొండలే, ఆయనవే ఏడు. అయినా అడగం. చెప్పేవాడికీ వినేవాడికీ మనసులో ఒకే కొండ ఉంది. అదే 'ద హిల్'. అదే మాట అనంతపురం పోయి అనండి, 'ఏ కొండకప్పా?' అంటారు. అక్కడ మీరు 'ఎ హిల్' నుంచి మొదలుపెట్టుకోవాల. 'ద' అనేది మాటకి ఉండే గుణం కాదు, ఇద్దరు మనుషుల మధ్య ఉండే ఎరుక. పరీక్షలో ఖాళీలు పూరించేటప్పుడు, ఇది వినేవాడికి తెలుసా అని ఒక్క ప్రశ్న వేసుకోండి, పదిట్లో ఎనిమిది సరిపోతాయి. మిగతా రెండూ, నదులూ పేపర్లూ దేశాల పేర్లూ, బట్టీనే, తప్పదు.

'ఎ'నా 'యాన్'ఆ అన్నప్పుడు మళ్ళీ తెలుగులో రాసి చూసుకోండి. యూనివర్సిటీ 'య'తో మొదలవుతుంది, కాబట్టి 'ఎ యూనివర్సిటీ'. అవర్ 'అ'తో మొదలవుతుంది, 'యాన్ అవర్'. మనలో కొందరు ఎగ్జామ్‌ని 'యెగ్జామ్' అంటారు, ఎక్కడని 'యెక్కడ' అన్నట్టు. అట్లా పలికితే 'ఎ యెగ్జామ్' అని నోటికి వచ్చేస్తుంది. ఆ యకారం మనది, ఇంగ్లీషుది కాదు.

క్రియల దగ్గరికి వద్దాం. మన యాసని కోస్తావాళ్ళు ఎగతాళి చేస్తారు, 'వస్తా ఉండాను' అంటామని. వాళ్ళు 'వస్తున్నాను' అని రెండు మాటల్నీ కలిపేసినారు. మనం విడిగా పలుకుతాం, అందువల్ల మనకి ఆక్సిలరీ వెర్బ్ కళ్ళకు కనపడుతుంది. 'వస్తా' అసలు పని, 'ఉండాను' సహాయం. 'యామ్ కమింగ్' లో 'యామ్' చేసే పనే అది. మన యాస ఇంగ్లీషు గ్రామర్‌కి బ్లాక్‌బోర్డు లాంటిది. కానీ అదే మనల్ని ముంచుతుంది కూడా. ఉద్యోగానికి ఒక చోట ఇంటర్వ్యూకి పోయినాను, కుటుంబం గురించి చెప్పమన్నారు. 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' అన్నాను. అక్కడున్న పెద్దాయన 'లంచ్‌కా, డిన్నర్‌కా?' అన్నాడు. (నవ్వులు) నాకు మీ అంత తొందరగా అర్థం కాలేదు, బస్సులో వస్తా ఉంటే చంద్రగిరి దగ్గర అర్థమయింది. నేను చేసిందేమంటే, 'ఇద్దరు అన్నలు ఉండారు'లో ఉన్న 'ఉండారు'ని, 'వస్తా ఉండారు'లో ఉన్న 'ఉండారు'ని ఒకటే అనుకున్నాను. మొదటిది అసలు క్రియ, రెండోది సహాయం. ఉద్యోగం ఇంకొకడికి పోయింది.

'వస్తాను' అనే మాట ఇంకా తమాషా. 'రోజూ వస్తాను', 'రేపు వస్తాను', తెలుగులో ఒకటే రూపం. ఇంగ్లీషులో 'ఐ కమ్', 'ఐ విల్ కమ్'. అందుకే మనోళ్ళు 'ఎవ్రీ డే ఐ విల్ కమ్ బై బస్' అంటారు. తప్పు ఎక్కడ నుంచి వస్తా ఉందో తెలిస్తే దిద్దుకోవడం సులువు. అట్లాగే 'దాని గురించి చర్చించినాం' అంటాం కాబట్టి 'డిస్కస్డ్ అబౌట్' అంటాం. డిస్కస్‌లోనే 'గురించి' దాగుంది, మళ్ళీ పెట్టకూడదు. 'ఆమెతో పెళ్ళయింది' కాబట్టి 'మ్యారీడ్ విత్', అక్కడ 'టు' కావాల. మన విభక్తి పేరు వెనక తోకలాగా అంటుకుంటుంది, వాళ్ళది ముందు నడుస్తుంది. అందుకే ప్రీ-పొజిషన్.

అన్నిట్లో ఇంగ్లీషుదే పైచెయ్యి అనుకోవద్దు. 'మేము సినిమాకి పోతా ఉండాం', 'మనం సినిమాకి పోతా ఉండాం'. మొదటిదాంట్లో నువ్వు లేవు, రెండోదాంట్లో నీకూ టికెట్టు ఉంది. ఇంగ్లీషులో రెండిటికీ 'వీ' ఒక్కటే. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి.బ్రౌన్ దొర ఈ మెలికలన్నీ పట్టుకుని, 1840లో తెలుగుకు ఇంగ్లీషులో వ్యాకరణం రాసినాడు. ఒక పరాయివాడు మన భాషను నేర్చుకునేటప్పుడు ఏ గుంతల్లో పడతాడో చూస్తే, మనం ఆయన భాషలో ఏ గుంతల్లో పడతామో తెలుస్తుంది. మలుపు అదే, ఎదురుగా వచ్చే బండి వేరు.

బండి అంటే గుర్తొచ్చింది. పార్టిసిపుల్ అంటే భయపడతారు కదా మీరు. 'పొద్దున్నే లేచి, మొగం కడుక్కుని, టిఫిన్ తిని, బస్సెక్కి కాలేజీకి వచ్చినా.' ఇందులో సమాపక క్రియ ఎన్ని? ఒకటే, 'వచ్చినా'. లేచి, కడుక్కుని, తిని, ఎక్కి, అన్నీ అసమాపకాలు. ఫైనైట్, నాన్-ఫైనైట్. అయిపోయింది. ఇప్పుడు ఒక వాక్యం చెప్తాను, చెవి పెట్టి వినండి. 'బస్సు దిగి వాన మొదలైంది.'

(నవ్వులు)

ఎందుకు నవ్వినారు? ఎవరన్నా చెప్పండి. ... ఆఁ, వాన బస్సు దిగినట్టుంది! భలే చెప్పినావు తల్లీ. 'దిగి' అన్నామంటే, దిగినవాడూ తర్వాతి పని చేసినవాడూ ఒకరే అయి ఉండాల. ఈ రూలు మీకెవరూ చెప్పలేదు, అయినా మీ చెవికి తెలుసు. మరి మీరు కాంపొజిషన్‌లో 'గెటింగ్ డౌన్ ఫ్రమ్ ద బస్, ద రెయిన్ స్టార్టెడ్' అని రాసినప్పుడు మీకెవరికీ నవ్వు రాలేదే? ఇంగ్లీషోడికి అచ్చం ఇందాకటి నవ్వే వస్తుంది. దాన్ని డాంగ్లింగ్ పార్టిసిపుల్ అంటారు, వేలాడే పార్టిసిపుల్, పట్టుకోవడానికి కర్త లేక గాల్లో వేలాడుతూ ఉంటుంది. తెలుగులో ఎట్లా దిద్దుతాం? 'నేను బస్సు దిగేసరికి వాన మొదలైంది.' దిగినవాణ్ణి తెచ్చి నిలబెట్టినాం. ఇంగ్లీషులోనూ అదే, 'వెన్ ఐ గాట్ ఆఫ్ ద బస్, ఇట్ స్టార్టెడ్ రెయినింగ్.' బస్సుకి 'గాట్ డౌన్' కంటే 'గాట్ ఆఫ్' మేలు, ఆ 'డౌన్' మనం తెలుగులో 'దిగు' అనుకుని పెట్టేది. పార్టిసిపుల్‌తో వాక్యం రాసిన ప్రతిసారీ దాన్ని 'చేసి', 'దిగి', 'చూసి' అని మనసులో తెలుగు చేసుకోండి. నవ్వొస్తే కొట్టెయ్యండి.

రిపోర్టెడ్ స్పీచ్ ఉంది కానీ, దానికి ఇంకో గంట కావాల. 'వస్తానన్నాడు' అని మనం అతని మాటను అతని నోట్లోనే ఉంచి చెప్తాం, ఇంగ్లీషు దాన్ని లాక్కుని కాలం మార్చి చెప్తుంది. ఈపూటకి అంత చాలు.

ప్రశ్నలేమన్నా ఉన్నాయా? అదిగో, కిటికీ పక్కన అబ్బాయి. ... మంచి ప్రశ్న. ఇందాక నేను 'ఇట్ స్టార్టెడ్ రెయినింగ్' అన్నాను, ఆ 'ఇట్' ఎవరు అంటా ఉన్నాడు. వానా? మేఘమా? దేవుడా?

ఎవరూ కాదు నాయనా. తెలుగులో 'వాన పడతా ఉంది' అంటే వానే కర్త, అదే పడుతుంది. కొన్నిసార్లు కర్త లేకుండా కూడా వాక్యం నడిపిస్తాం. 'తిన్నావా?' 'తిన్నా.' ఎవరు, ఎవరూ అని అడగం, క్రియ చివరే అంతా చెప్పేస్తుంది. 'ఆయన డాక్టరు' అంటే అసలు క్రియే లేదు. ఇంగ్లీషు వాక్యానికి అట్లా కుదరదు. అక్కడ కర్త సీటు ఒకటి ముందే బోల్టులు బిగించి ఉంటుంది, ఎవరో ఒకరు కూర్చోవాల్సిందే. కూర్చునేవాడు లేకపోతే? మన బస్టాండులో ఏం చేస్తాం? బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేస్తాం. తువ్వాలు మనిషి కాదు, దానికి టికెట్టు కొట్టరు, కానీ సీటు నిండిందని అందరూ ఒప్పుకుంటారు. 'ఇట్ ఈజ్ రెయినింగ్', 'ఇట్ ఈజ్ ఫైవ్ ఓ క్లాక్', 'ఇట్ ఈజ్ టూ హాట్'. ఆ 'ఇట్' అంతా తువ్వాలే. గ్రామర్ పుస్తకంలో దాన్ని డమ్మీ సబ్జెక్ట్ అంటారు. 'దేర్ ఈజ్ ఎ టెంపుల్' లో 'దేర్' కూడా తువ్వాలే, కాకపోతే దాని మనిషి కొంచెం వెనకాల వస్తా ఉంటాడు, టెంపుల్ అని. వాడు ఒక్కడయితే 'ఈజ్', నలుగురయితే 'ఆర్'. తువ్వాలును చూసి కాదు, వెనక వచ్చేవాణ్ణి చూసి టికెట్టు కొట్టాల.

ఇట్ ఈజ్ ఫైవ్ ఓ క్లాక్ అని ఊరికే అనలేదు, నిజంగానే ఐదయింది. చిత్తూరు బస్సోళ్ళు ఎవరన్నా ఉంటే ముందు కదలండి, ఈ టైములో తువ్వాలు వెయ్యడానికి కూడా కిటికీ దొరకదు.